పేరు తెచ్చిన పిక్చర్ ట్యూబు

పిల్లలూ! ఈనాటి టెలివిజన్ గోడకు తగిలించే పలకలా ఉంటుంది. మీ తాతగారి కాలంలో అది పెద్ద పెట్టె. ఆ పెట్టెలో ఉండే గాజు గొట్టాన్నే పిక్చర్ ట్యూబు అంటారు.

రంగుల టెలివిజన్‌లో ట్యూబు వెనుక నుంచి మూడు ఎలక్ట్రాన్ కిరణాలు తెర మీదికి వస్తాయి. తెర లోపలివైపు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులనిచ్చే పూతలు ఉంటాయి. ఒక్కొక్క కిరణం తన రంగు మీదనే పడాలి. అందుకోసం తెర వెనుక సన్నని చిల్లులున్న లోహపు రేకును అమర్చేవారు. కాని కిరణాలలో చాలా భాగం ఆ రేకుకే తగిలి ఆగిపోయేది. అందువల్ల బొమ్మలో వెలుగు తగ్గేది.

1946లో జపానులో మసారు ఇబుకా, అకియో మోరిటా ఒక సంస్థను స్థాపించారు. అదే తరువాత సోనీ అయింది. ఇబుకా ఇంజనీరు. అందరూ నడిచిన దారి ఆయనకు నచ్చలేదు. మొదట క్రోమట్రాన్ అనే ట్యూబును చేయించారు. దానికి అమ్మే ధరకంటే తయారీ ఖర్చే ఎక్కువైంది. సంస్థ నష్టపోయింది. అయినా ఆయన పట్టు విడువలేదు.

1968లో ట్రినిట్రాన్ వచ్చింది. ఇందులో చిల్లులకు బదులు సన్నని నిలువు చీలికలు ఉంటాయి. వాటి గుండా కిరణాలు ఎక్కువగా తెరను చేరతాయి. అందుచేత బొమ్మ కాంతివంతంగా కనిపించింది. చీలికల మధ్య తీగలు కదలకుండా అడ్డంగా ఒక సన్నని తీగ కట్టేవారు. దాని నీడ తెర మీద గీతలా కనబడేది. అయినా జనం ఎక్కువ ధర పెట్టి కొన్నారు. 1973లో అమెరికాలో దీనికి ఎమ్మీ బహుమతి వచ్చింది. సోనీ అంటే మంచి బొమ్మ అని పేరు పడింది.

తరువాత పలుచని ఎల్.సి.డి. తెరలు వచ్చాయి. ట్యూబులనే నమ్ముకున్న సోనీ వెనుకబడింది. 2004లో ఆ తెరల తయారీకి కొరియా సంస్థ శామ్‌సంగ్‌తో చేయి కలపవలసి వచ్చింది. 2006లో శామ్‌సంగ్ ముందుకు దూసుకుపోయింది. 2008లో ట్రినిట్రాన్ తయారీ ఆగిపోయింది. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటే ఇదే!

మంచి పని పేరు తెస్తుంది. కాని నిన్నటి పని ఒక్కటే ఆ పేరును నిలబెట్టలేదు.

కొత్త మాటలు
కాంతివంతం = వెలుగు గలది
పట్టు విడువలేదు = మానుకోలేదు

ప్రశ్నలు
1. చిల్లుల రేకు వల్ల బొమ్మలో వెలుగు ఎందుకు తగ్గేది?
2. ట్రినిట్రాన్‌లో ఏ మార్పు చేశారు?
3. సోనీ ఎందుకు వెనుకబడింది?
4. మీ ఇంటి పెద్దలను వారి మొదటి టెలివిజన్ గురించి అడిగి ఐదు వాక్యాలు రాయండి.