ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్: గట్టు వేసే ముందు కాపీ తీయండి



ఈ మధ్య పేరెంట్స్ మీటింగ్‌లలో తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఇది: "మేడం, ఇంట్లో ల్యాప్‌టాప్‌కి ఇక అప్‌డేట్లు రావని చూపిస్తోంది. బాబు కొత్తది కొనమంటున్నాడు. కొనాలా?"

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కూడా కొత్త తరానిదై ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. కీబోర్డ్ బాగుండి, స్క్రీన్ బాగుండి, బ్యాటరీ కూడా ఫర్వాలేదనిపించే ల్యాప్‌టాప్‌లు ఎన్నో ఈ ఒక్క కారణంతో పక్కకు వెళ్తున్నాయి.

కొనే ముందు ఇంకో దారి ఉంది. అదే ల్యాప్‌టాప్‌లో విండోస్‌ను అలాగే ఉంచి, పక్కన లినక్స్ వేసుకోవచ్చు. ఆన్ చేయగానే ఏది కావాలో మనమే ఎంచుకుంటాం. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. దీనికి లైసెన్స్ ఖర్చు లేదు. మన తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో కొందరు యూట్యూబ్ చూసి సొంతంగా మొదలుపెట్టేస్తున్నారు కూడా. అసలు జాగ్రత్త అవసరమైంది అక్కడే. ఆ ల్యాప్‌టాప్‌లో పిల్లల ప్రాజెక్టులు మాత్రమే ఉండవు. నాన్నగారి ట్యాలీ లెక్కలు, యార్డు పట్టీల ఫొటోలు, కోల్డ్ స్టోరేజీ రసీదుల స్కాన్‌లు, అమ్మమ్మ షష్టిపూర్తి ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. ఒక్క తప్పు క్లిక్‌తో అవన్నీ పోవచ్చు. అందుకే ఈ నెల పాఠం పిల్లలకే కాదు, మీకు కూడా.

రెండు ఎందుకు?

విండోస్ పూర్తిగా తీసేయమని ఎవరికీ చెప్పం. ట్యాలీ విండోస్ మీదే నడుస్తుంది. ప్రింటింగ్ ప్రెస్, ఫ్లెక్సీ షాపు ఉన్నవారి అను ఫాంట్స్ పని కూడా అక్కడే. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ విండోస్‌నే అడుగుతుంది.

లినక్స్ సంగతి వేరు. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి మొదలుపెట్టిన పని అది. ఈరోజు మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల పనిచేసేది లినక్స్ కెర్నలే. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి ఐటీ పాఠాలు లినక్స్ మీదే చెబుతున్నారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 'బాస్' పేరుతో భారతీయ భాషల లినక్స్ తయారుచేసింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో మెనూలతో ఆపరేటింగ్ సిస్టం తెచ్చింది.

పాత ల్యాప్‌టాప్ ఉన్న ఇంటికి పని విభజన సులువు. బ్రౌజింగ్, ఈమెయిల్, ఆన్‌లైన్ క్లాసులు, పైథాన్ ప్రాక్టీసు అప్‌డేట్లు వచ్చే లినక్స్‌లో చేసుకోవచ్చు. పాత సాఫ్ట్‌వేర్‌తో పని ఉన్నప్పుడే విండోస్‌లోకి వెళ్లాలి, వీలైతే ఇంటర్నెట్ ఆపి. ఉబుంటు 24.04కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. పాత యంత్రానికి లినక్స్ మింట్ ఇంకాస్త తేలిక. దాని మెనూ విండోస్‌ను పోలి ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకూ తికమక ఉండదు.

పార్టిషన్ అంటే గట్టు

హార్డ్ డిస్క్‌ను నాలుగు ఎకరాల పొలం అనుకోండి. ఇప్పుడు మొత్తం విండోస్ సాగులో ఉంది. ఒక ఎకరం లినక్స్‌కు ఇవ్వాలంటే రెండు పనులు జరగాలి. విండోస్ తన పంటను ఒక పక్కకు సర్దుకోవాలి. తర్వాత మధ్యలో గట్టు పడాలి. ఆ సర్దుకోవడమే ష్రింక్. ఆ గట్టే పార్టిషన్.

పొలంలో గట్టు ఎక్కడుందో సర్వే రికార్డు చెబుతుంది. డిస్క్‌లో ఆ రికార్డు పేరు పార్టిషన్ టేబుల్. ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందులో రాసి ఉంటుంది. పాత పద్ధతి ఎంబీఆర్‌లో నాలుగు ముఖ్య భాగాలకే చోటు. కొత్త పద్ధతి జీపీటీలో విండోస్ 128 భాగాల దాకా ఒప్పుకుంటుంది. పైగా జీపీటీ ఆ రికార్డు నకలును డిస్క్ చివర కూడా దాచుకుంటుంది.

ఒక చిన్న భాగం గురించి ముందే చెప్పాలి. సాధారణంగా 100 నుంచి 260 ఎంబీ ఉండే ఈఎఫ్‌ఐ పార్టిషన్ అది. రెండు పొలాలకూ దారి ఇచ్చే డొంక లాంటిది. ఖాళీ జాగా కోసం వెతికే పిల్లలకు "ఇదెందుకు, తీసేద్దాం" అనిపిస్తుంది. తీసేస్తే ఏ సిస్టమూ తెరుచుకోదు.

పోలిక సరిపోని చోటు కూడా ఒకటుంది. పొలంలో గట్టు చెరిగినా మట్టి ఎక్కడికీ పోదు. డిస్క్‌లో పార్టిషన్ తీసేసి దాని మీద కొత్తది రాస్తే పాతది తిరిగి రావడం చాలా కష్టం. ఎస్‌ఎస్‌డీలో అయితే తీసేసిన డేటాను డ్రైవ్ తానే శుభ్రం చేసుకుంటుంది. "తర్వాత రికవరీ చేయిద్దాంలే" అన్న ధైర్యం వద్దు.

ఎవరు ఆగాలి?

డిస్క్‌లో ఖాళీ 80 జీబీ కన్నా తక్కువ ఉంటే ఆగండి. పాత హార్డ్ డిస్క్ టకటకమని శబ్దం చేస్తున్నా, ఫైళ్లు తెరవడానికి మొరాయిస్తున్నా ముందు డేటా కాపీ తీసి డిస్క్ చూపించండి. పరీక్షల వారంలో వద్దు. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో అసలే వద్దు.

మొదటి వారం: కాపీ, కీ

ఈ వారం ల్యాప్‌టాప్‌లో ఏమీ మార్చం. పిల్లలతో కూర్చుని ఒక కాగితం మీద రాయండి: ఇందులో పోతే తిరిగి దొరకనివి ఏమిటి? ఫొటోలు, ట్యాలీ డేటా ఫోల్డర్, సర్టిఫికెట్ల స్కాన్‌లు, పాస్‌వర్డ్‌ల ఫైలు. అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయిందని ఊరుకోకుండా, దాన్ని వేరే కంప్యూటర్‌కు పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. ఇంకో డ్రైవ్‌కు 'డీ' అని పేరున్నంత మాత్రాన అది వేరే డిస్క్ కాదు. చాలా ఇళ్లలో సీ, డీ రెండూ ఒకే డిస్క్‌లోని రెండు భాగాలు. సీ లోంచి డీ లోకి మార్చడం కాపీ కిందికి రాదు.

రెండోది కీ. ఇటీవలి విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో డిస్క్‌కు తాళం ఉంటుంది. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ అనే పేరుతో కనిపిస్తుంది. దాని రికవరీ కీ 48 అంకెల సంఖ్య. బూట్ పద్ధతి మారగానే విండోస్ ఆ అంకెలు అడగవచ్చు. అవి సాధారణంగా ల్యాప్‌టాప్ వాడే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటాయి. ఆ అకౌంట్ షాపువాళ్లు తెరిచినదైతే పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ఈరోజే తెలుసుకోండి. అంకెలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, తాళం పూర్తిగా తీయడం అయ్యేదాకా ఆగండి. దానికి గంటలు పట్టవచ్చు.

రెండో వారం: ఇన్‌స్టాల్ చేయకుండానే చూడడం

ఇది పిల్లలకు బాగా నచ్చే భాగం. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో లినక్స్ ఎక్కించాలి. అప్పుడు ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. కాబట్టి కాపీ దాచిన డ్రైవ్, ఈ పెన్‌డ్రైవ్ రెండూ ఒకటి కాకూడదు. రూఫస్ తెరిచే ముందు కాపీ డ్రైవ్‌ను పీకి పక్కన పెట్టండి.

పెన్‌డ్రైవ్ నుంచి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే 'ట్రై' అనే అవకాశం ఉంటుంది. అది ఎంచుకుంటే డిస్క్‌ను ముట్టుకోకుండానే లినక్స్ నడుస్తుంది. వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా, కెమెరా, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయా చూడండి. వారం రోజులు ఇలాగే వాడినా నష్టం లేదు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేయండి, కథ అక్కడితో సరి.

మూడో వారం: గట్టు

ఆదివారం పగలు పెట్టుకోండి. బ్యాటరీ నిండుగా ఉండాలి, చార్జర్ కూడా పెట్టి ఉంచాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. పార్టిషన్ మారుతున్న సమయంలో కరెంటు పోవడం అన్నిటికన్నా చెడ్డది.

విండోస్‌లో పవర్ సెట్టింగ్స్‌కు వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. తర్వాత స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ నొక్కండి. ఎంత కావాలో అక్కడ ఎంబీల్లో అడుగుతుంది. 50 జీబీ కావాలంటే 50ని 1024తో గుణించి 51200 అని ఇవ్వాలి.

ఒక్కోసారి ఖాళీ 200 జీబీ ఉన్నా 20 జీబీ మాత్రమే ఇస్తానంటుంది. పొలం మధ్యలో బోరు ఉంటే గట్టు దాన్ని దాటి వేయలేం కదా. డిస్క్ మధ్యలోనూ విండోస్ కదపలేని ఫైళ్లు కొన్ని ఉంటాయి. అప్పుడు బలవంతం చేయకుండా మా ల్యాబ్‌లో అడగండి.

ష్రింక్ అయ్యాక విండోస్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి, అది మామూలుగా తెరుచుకుంటోందో లేదో చూడండి. ఆ తర్వాతే పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి. కాసేపటికి ఒక స్క్రీన్ వస్తుంది. ఆ స్క్రీన్ దగ్గర పిల్లల పక్కన మీరు తప్పకుండా ఉండండి. అందులో 'అలాంగ్‌సైడ్' అన్న మాట ఉన్న వరుస విండోస్ పక్కన అని చెబుతుంది. 'ఎరేజ్ డిస్క్' అన్న వరుస మొత్తం చెరిపేయమని చెబుతుంది. రెండు వరుసలూ పైనా కిందా ఉంటాయి. అలాంగ్‌సైడ్ కనిపించకపోతే ఏదో ఒకటి నొక్కకండి. విండోస్ కనిపించలేదంటే దానికి కారణం ఉంటుంది. వెనక్కి వచ్చి ఆపేయండి.

తర్వాత కనిపించే చిన్న చిక్కులు

ఆన్ చేయగానే గ్రబ్ అనే మెనూ వస్తుంది. కొన్ని సెకన్లలో ఏదీ ఎంచుకోకపోతే పై వరుసలో ఉన్న లినక్స్ తెరుచుకుంటుంది. ఇంట్లో అందరికీ ఈ సంగతి చెప్పండి. లేకపోతే "నా విండోస్ ఏమైంది" అని కంగారు పడతారు.

విండోస్‌లో గడియారం కొన్నిసార్లు ఐదున్నర గంటలు వెనక్కి వెళ్తుంది. పాడైందని అనుకోకండి. లినక్స్ కంప్యూటర్ గడియారంలో గ్రీనిచ్ ఆధారంగా నడిచే ప్రపంచ ప్రామాణిక సమయం దాస్తుంది. విండోస్ దాన్ని మన సమయం అనుకుంటుంది. కాకినాడ దగ్గరగా వెళ్లే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం గురించి సోషల్‌లో చెప్పిన పాఠం ఇదే. విండోస్ టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నౌ నొక్కితే అప్పటికి సరిపోతుంది.

లినక్స్ నుంచి విండోస్ ఫైళ్లు తెరవవచ్చు. విండోస్ మాత్రం లినక్స్ భాగాన్ని మామూలుగా చదవలేదు. "ఫార్మాట్ చేయాలా?" అని అడిగితే వద్దనండి.

కొన్నాళ్లకు లినక్స్ వద్దనిపిస్తే ఆ భాగాన్ని ఊరికే డిలీట్ చేయకండి. గ్రబ్ ఫైళ్లు అందులోనే ఉంటాయి కాబట్టి నల్ల స్క్రీన్ వచ్చి ఆగిపోవచ్చు. విండోస్ లోపల భద్రంగానే ఉంటుంది, దారే మూసుకుంటుంది. ముందుగా బూట్ క్రమంలో విండోస్‌ను మొదటికి తెచ్చి తర్వాత తీయాలి.

పిల్లలకు ఇంటి పని

1. 1 టీబీ డిస్క్ కొంటే విండోస్ 931 జీబీ అనే చూపిస్తుంది. కంపెనీ 1000 చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తాయి. ఈ లెక్కన 512 జీబీ డిస్క్ ఎంత చూపిస్తుంది? (జవాబు: సుమారు 477)

2. మీ ఇంటి ల్యాప్‌టాప్ డిస్క్‌లో ఎన్ని పార్టిషన్లు ఉన్నాయి? డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఏదీ మార్చకుండా, బొమ్మ గీయండి. ఈఎఫ్‌ఐ భాగానికి రంగు వేయండి.

3. మీ అమ్మానాన్నలను అడిగి, ల్యాప్‌టాప్‌లో పోకూడని ఐదు వస్తువుల జాబితా రాయండి. వాటికి కాపీ ఎక్కడుందో పక్కన రాయండి.

మూడో ప్రశ్నకు "ఎక్కడా లేదు" అని జవాబు వచ్చే ఇళ్లే ఎక్కువగా ఉంటాయని నా అనుమానం. డ్యూయల్ బూట్ చేసినా చేయకపోయినా, ఈ నెల ఆ ఒక్క గడి నింపండి. డిస్క్ పాడవడానికి లినక్స్ రావాల్సిన పని లేదు. ఒక చేతి జారుడు చాలు, ఒక కప్పు టీ చాలు.

సందేహాలుంటే వచ్చే పీటీఎం రోజున ల్యాప్‌టాప్, చార్జర్ తీసుకుని కంప్యూటర్ ల్యాబ్‌కు రండి. కాపీ ఉన్న డ్రైవ్ మాత్రం ఇంట్లోనే ఉంచి రండి.