అమ్మ ఎక్కిన బస్సు

"అక్కా, నా బతుకంతా రాస్తే పెద్ద నవల అవుతుంది" అని మొన్న గిన్నెలు సర్దుతూ అన్నావు చూడు చెల్లీ, ఆ మాట నన్ను వదల్లేదు. నవల సంగతి తర్వాత చూద్దాంలే. ముందు ఒక్క పేజీ రాయి. అదీ బతుకంతా కాదు, ఒక్క సాయంత్రం.

నా సంగతే చెబుతాను. మతిమరుపు ముదిరాక అమ్మ ఆఖరి రెండేళ్లూ నా దగ్గరే ఉంది. రోజూ దీపాలవేళకి చేతిసంచి ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. "మా ఊరి బస్సు వచ్చిందా?" అని అడిగేది. ఆ పుట్టిల్లు కూలిపోయి ఎన్నేళ్లో! మొదట్లో విడమరిచి చెప్పేదాన్ని. తర్వాత విసుక్కున్నాను. ఒకరోజు గట్టిగా అరిచేశాను. సంచి గుండెలకి హత్తుకుని, ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది.

అమ్మ పోయాక ఆ అరుపు ఎవరితో చెప్పుకోను? ఒక రాత్రి పాల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టాను. నేను పాపిష్టిదాన్నని, నాకే ఎందుకిలా అని నాలుగు పేజీలు. తెల్లారి చదివితే అందులో అమ్మ ఎక్కడా లేదు, అంతా నేనే. చింపేశాను. ఈసారి సంచి దగ్గర మొదలుపెట్టాను. అందులో ఏముండేవి? మడతపెట్టిన జాకెట్టు, రెండు వక్కలు, ఖాళీ కుంకుమభరిణె. అవి రాస్తూ ఉండగానే బస్సు వచ్చేసింది, మా వీధిలోకే! కండక్టరు చెయ్యందించాడు. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. టిక్కెట్టు డబ్బులు నేనే ఇచ్చాను. అప్పుడు ఏడ్చాను చూడు, అమ్మ పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. నా గోడు కథ అయింది ఆ బస్సు దగ్గరే.

పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథ చదివావా? ఇల్లు అలుకుతున్న ఇల్లాలికి ఉన్నట్టుండి తన పేరేమిటో గుర్తురాదు. ఇల్లు అలకడం మనందరికీ తెలిసిన పనే, పేరు మరిచిపోవడం సత్యవతిగారి ఊహ. ఆ ఒక్క ఊహతో, అమ్మా వదినా పిన్నీ అనిపించుకుంటూ మనం ఎక్కడో జారవిడుచుకున్నది కళ్లముందు నిలబడుతుంది. అబ్బూరి ఛాయాదేవిగారు 'బోన్సాయ్ బ్రతుకు'లో కుండీలో కుదించి పెంచిన చెట్టులో ఆడపిల్ల పెంపకాన్ని చూపించారు. వీళ్లకంటే ఎంతో ముందు, 1902లోనే, భండారు అచ్చమాంబగారు 'ధనత్రయోదశి' కథ రాశారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి సాయంతో చదువు నేర్చుకుని కలం పట్టిన, కన్నబిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి. 1905లో, ముప్పయి దాటీ దాటకుండానే వెళ్లిపోయారు. ఆవిడని తలుచుకుంటే, తీరిక లేదనడానికి నాకు నోరు రాదు.

"మా ఆడబిడ్డ చదివి గుర్తుపడితే?" అని కదా నీ భయం. ఆడబిడ్డని తోటికోడల్ని చెయ్యి, ఊరు మార్చు, పేర్లు మార్చు. సంచిలాంటిది నీకూ ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం మార్చకు. పొడుగు గురించి బెంగ పెట్టుకోకు. మన పత్రికల్లో కార్డు కథలని వచ్చేవి గుర్తుందా? పోస్టుకార్డు మీద పట్టేంత. అంత చాలు.

ఆదివారం మధ్యాహ్నం వస్తాను. రాసింది నువ్వే చదివి వినిపించు. బాగుందా అని అడగకు, నేనూ చెప్పను. నీ పక్కన కూర్చుని వింటాను.