చేతులు కడిగించిన వైద్యుడు

1846వ సంవత్సరమున వియన్నా నగరపు సర్వజన వైద్యశాలలో ఒక వింత కనబడుచుండెను. అచ్చటి ప్రసూతిశాలలో రెండు విభాగము లుండెను. గర్భిణులను ఒకనాడు మొదటి దానిలోను, మఱునాడు రెండవ దానిలోను చేర్చుకొనుచుండిరి. తమ వంతు మొదటి విభాగమునకు వచ్చినదని తెలిసిన స్త్రీలు మోకరిల్లి, తమ్ము రెండవ దానికి పంపుడని వేడుకొనెడివారు. అంతకంటె వీధిలో ప్రసవించుటయే మేలని తలచినవారును కలరు.

వారి భయము అకారణము కాదు. ఆ యేట మొదటి విభాగమున 4,010 ప్రసవములు జరుగగా 459 మంది తల్లులు మరణించిరి. రెండవ విభాగమున 3,754 ప్రసవములకు మరణములు 105 మాత్రమే. చంపినది సూతికాజ్వరము, దీనినే మనవారు బాలింతజ్వర మందురు.

ఆ సంవత్సరమే ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను యువకుడు మొదటి విభాగమున సహాయవైద్యుడుగా చేరెను. అతడు హంగేరీ దేశమునందలి బుడా పట్టణమున 1818లో జన్మించినవాడు. గాలి చెడినదని కొందఱు, జనసమ్మర్దమని కొందఱు కారణములు చెప్పుచుండిరి. గాలి రెండు విభాగములకు నొక్కటియే. జనసమ్మర్దమో, రెండవ దానియందే ఎక్కువ. మరణించువారి చెంతకు గంట మ్రోగించుచు పోవు మతాచార్యుని చూచి స్త్రీలు బెదరుచున్నారేమో యని, ఆ గంటను మాన్పించి చూచెను. ఫలము లేకపోయెను.

1847 మార్చి నెలలో అతని మిత్రుడు, ఆచార్యుడునైన కొలెచ్కా మరణించెను. శవపరీక్ష జరుగుచుండగా ఒక విద్యార్థి కత్తి ఆయన వ్రేలికి గ్రుచ్చుకొనెను. ఆ గాయమే ప్రాణాంతకమయ్యెను. ఆయన శరీరమును పరీక్షింపగా కనబడిన మార్పులు సూతికాజ్వరముచే చనిపోయిన స్త్రీలలో కనబడునట్టివే! సెమ్మెల్‌వైస్‌నకు అంతయు తెల్లమయ్యెను. మొదటి విభాగమున పనిచేయునది వైద్యవిద్యార్థులు. వారు శవములను కోసి, ఆ చేతులతోనే వచ్చి గర్భిణులను పరీక్షించుచుండిరి. రెండవ విభాగమున మంత్రసానిపని నేర్చుకొను స్త్రీలకు శవములతో పని లేదు. సబ్బుతో కడిగినను విద్యార్థుల చేతులకు దుర్వాసన వీడకుండెను. వాసన మిగిలినచో విషపదార్థమును మిగిలినట్లే కదా యని అతడు తలంచెను.

ఆ మే నెల నుండి అందఱును క్లోరిన్ నీటితో చేతులు కడుగుకొనవలెనని నియమించెను. తరువాత దానికి బదులు బ్లీచింగు పొడి కలిపిన నీరు వాడిరి. ఏప్రిల్ నెలలో నూటికి 18 మంది మరణించిన ఆ విభాగమున, జూన్ నాటికి నూటికి ఇద్దఱు ముగ్గురికి మించలేదు.

అయినను అక్టోబరులో మఱియొక దెబ్బ తగిలెను. గర్భాశయమున పుండుపడిన రోగి నొకతెను మొదటి మంచముపై నుంచిరి. వైద్యులు ఆమెను మొదట పరీక్షించి, నడుమ క్లోరిన్ నీరు ముట్టకయే మిగిలిన స్త్రీలను పరీక్షించిరి. ఆమెతోపాటు ప్రసవించుచున్న పన్నెండుగురిలో పదునొకండుగురు చనిపోయిరి. జీవించియున్న రోగినుండియు ఈ వ్యాధి వ్యాపింపగలదని అప్పుడు తెలిసినది. నాటినుండి ప్రతి రోగికి నడుమ చేతులు కడుగుట నియమమయ్యెను.

ఇంత ఫలము కన్నులయెదుట నుండియు, పెద్దవైద్యు లనేకులు సమ్మతింపలేదు. తమ చేతులే తల్లులను చంపినవని ఒప్పుకొనుట ఎవరికి సులభము? శవపరీక్షలను అందఱికంటె శ్రద్ధగా చేసిన సెమ్మెల్‌వైస్ మాత్రము, తన వలన ఎందఱు మరణించిరో లెక్కకు రాదని గ్రంథములో వ్రాసికొనెను. ఆ గ్రంథమును 1861 వరకు వెలువరింపకపోవుటయు, ఎదిరించినవారిని హంతకులని నిందించుచు లేఖలు వ్రాయుటయు అతని పొరపాట్లే. రోగకారకములైన సూక్ష్మక్రిములను చూపి ఒప్పించుటకు అతనికి సాధనమును లేదు.

1865 ఆగస్టు నెలలో అతడు ఉన్మాదుల చికిత్సాలయమున, గాయము కుళ్లి మరణించెను. ఆ నెలలోనే గ్లాస్గో నగరమున లిస్టర్ అను శస్త్రవైద్యుడు ఒక బాలుని గాయమునకు కార్బాలికామ్లపు కట్టు కట్టి, క్రిములను చంపు పద్ధతికి నాంది పలికెను. సూతికాజ్వరమును కలిగించు క్రిమిని పాశ్చరు 1879లో చూపెను.

నేడు ఆసుపత్రికి పోయినచో, అనేక వార్డులలో మంచము చెంతనే స్పిరిటు కలిసిన ద్రవముగల సీసా కనబడును. నర్సు ఒక రోగిని విడిచి మఱియొక రోగిని తాకుటకు ముందు, ఆ ద్రవమును అరచేతులకు, వ్రేళ్ల సందులకు, గోళ్ల కొనలకు ఇరువది ముప్పది సెకనులు రుద్దుకొనును. 1847 అక్టోబరులో ఆ మంచముల నడుమ జరుగక పోయినది ఈ పనియే.