అలంపూర్ పోయేవాళ్లకు నాలుగు మాటలు

మా కల్వకుర్తిలో గుడి అనగానే సిర్సనగండ్ల రాములవారు గుర్తొస్తారు, లేదంటే శ్రీశైలం మల్లన్న. అలంపూర్ మాట ఎత్తితే మాత్రం "అమ్మవారి దర్శనం చేసుకొని పొద్దుగూకేలోపల వచ్చేద్దాం సార్" అంటారు. బడిలో సోషల్ చెప్పిన రోజుల నుంచీ పిల్లలనూ, చుట్టపక్కాలనూ వెంటబెట్టుకొని పోతూనే ఉన్నాను. జోగులాంబకు దండం పెట్టుకొని వెనక్కి తిరిగేవాళ్లు ఆ ఊరిలో సగం కూడా చూడరు. అది నాకు తీరని బాధ. వయసు మీద పడింది, ఇక అందరి వెంటా రాలేను కాబట్టి రాసి పెడుతున్నాను.

1. తెల్లారేసరికి గుడి దగ్గర ఉండండి

నాగర్‌కర్నూల్, వనపర్తి మీదుగా పెబ్బేరు చేరి, పెద్దరోడ్డు ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, అలంపూర్ చౌరస్తాలో లోపలికి తిరగాలి. వీలైతే ముందురోజు రాత్రే పోయి పండుకోండి. ఆ ఊరిలో తుంగభద్ర ఉత్తరముఖంగా పారుతుంది. గుళ్లు దాని ఎడమ ఒడ్డున తూర్పుకు తిరిగి ఉన్నాయి. పొద్దుటి ఎండ నేరుగా వాకిళ్ల మీద పడే ఆ గంటలో రాతి మీద ప్రతి గీతా లేచి కనపడుతుంది. ఎండాకాలం పదింటికే బండలు కాలిపోతాయి, ఇక చూపు శిల్పం మీద నిలవదు.

2. పురాణం వినండి, శాసనమూ చదివించుకోండి

తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. ఈ తొమ్మిదింటికీ చివర బ్రహ్మ అనే పేరే. కొలువున్నది మాత్రం శివుడు. సృష్టి చేసే శక్తి కోసం బ్రహ్మ ఇక్కడ శివుణ్ని గురించి తపస్సు చేశాడని పెద్దలు చెబుతారు. ఇనుమును బంగారం చేసే రసవిద్య తెలిసిన సిద్ధుడొకాయన ఈ గుళ్లు కట్టించాడని ఇంకో కథ ఉంది. ఆ తొమ్మిది పేర్లూ సిద్ధుల మూలికల పేర్లేనని కొందరు పండితులు అంటారు. శాసనాలేమో బాదామి చాళుక్యుల మాట చెబుతాయి. స్వర్గబ్రహ్మ ఆలయం వినయాదిత్యుని కాలంలో, అంటే 681–696 మధ్య కట్టింది. కథ తీసేస్తే గుడి ఎండిపోతుంది, శాసనం తీసేస్తే కట్టినవాళ్లకు అన్యాయం జరుగుతుంది. పిల్లలకు రెండూ చెప్పండి.

3. దేవుణ్ని చూశాక గోడల్ని చూడండి

తొమ్మిదింటిలో ఒక్కదానికే సమయముంటే స్వర్గబ్రహ్మ దగ్గర కూర్చోండి. ముందు శిఖరం వైపు తలెత్తి చూడండి. మన ఊళ్లలో చూసే మెట్లమెట్ల గోపురం కాదది. నిలువు పట్టెలతో లోపలికి వంగుతూ లేచి, పైన పెద్ద ఉసిరికాయ పెట్టినట్టుగా ముగుస్తుంది. ఆ కాయనే ఆమలకం అంటారు. ఇది ఉత్తరాది నాగర పద్ధతి. శిఖరం ముందువైపు గూడులాంటి తోరణంలో నటరాజు ఆడుతుంటాడు. తర్వాత గోడల చుట్టూ నడవండి. దిక్పాలకులు ఎవరి మూలలో వాళ్లు నిలబడి ఉంటారు. రాతిని జల్లెడలా తొలిచిన కిటికీలు కనపడతాయి. వాటి పనేమిటో బయటినుంచి తెలియదు, లోపల గర్భగుడి చుట్టూ ఉన్న ప్రదక్షిణ దారిలోకి పోతేనే తెలుస్తుంది. ఆ చీకటి సందులో కిటికీ ఎలా తొలిచారో అలాగే వెలుగు ముక్కలై నేల మీద పడుతుంది. దీపం లేకుండా మనిషిని నడిపించే ఏర్పాటు అది, పదమూడు వందల ఏళ్ల కింద చేసింది. నాతో వచ్చిన పిల్లలు శిల్పాలన్నీ మర్చిపోయినా ఈ వెలుగును మర్చిపోలేదు.

తారకబ్రహ్మ ఒక్కటే దక్షిణాది పద్ధతి శిఖరంతో ఉంటుంది. రెండు పద్ధతులనూ ఒకే రాజులు పక్కపక్కనే కట్టించడం పట్టదకల్లులోనూ చూడొచ్చు. ఉత్తరమూ దక్షిణమూ మన నదుల మధ్యనే కలిశాయని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

ఒక్క మాట కచ్చితంగా చెబుతున్నాను. భక్తితోనైనా సరే, గోడమీది బొమ్మలకు నూనె, పసుపు, కుంకుమ పూయకండి. ఆ రాయి మెత్తన. ముక్కూ కళ్లూ మూసుకుపోయాక ఏ దేవతో చెప్పేవాళ్లుండరు.

4. అమ్మవారి గుడి కొత్తది, అమ్మవారు పాత

పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఐదోది ఇక్కడ, ఆరోది శ్రీశైలంలో. సతీదేవి పైదంతాలు పడిన చోటు ఇదేనని నమ్మకం. పధ్నాలుగో శతాబ్దం చివర బహమనీల దాడిలో ఆలయం పోయింది. విగ్రహాన్ని మాత్రం కాపాడి బాలబ్రహ్మ ఆలయంలో పెట్టుకున్నారు. ఆరు వందల ఏళ్లు అమ్మవారు అక్కడే పూజలందుకుంది. 2005 వసంత పంచమికి కొత్త గుడి కట్టి మళ్లీ ప్రతిష్ఠించారు. అమ్మవారిది ఉగ్రరూపం. జటల్లో తేలు, బల్లి లాంటివి కనపడతాయి. చుట్టూ ఉన్న నీటి గుండం ఆ ఉగ్రాన్ని చల్లబరచడానికని చెబుతారు. గూడు లేని దేవతను అన్ని తరాలు కనిపెట్టుకొని ఉన్నారే, ఆ జనాన్ని తలుచుకుంటేనే నా చేతులు జోడించుకుంటాయి.

5. మ్యూజియం దాటిపోవద్దు

గుళ్ల పక్కనే ఉంది. తల లేని స్త్రీమూర్తి ఒకటి ఈ ఊరి సొత్తు. పరశురాముడు తండ్రి మాట మీద నరికిన రేణుక తల ఎల్లమ్మ అయిందని, మొండెం ఇక్కడ భూదేవిగా నిలిచిందని కథ. బిడ్డల కోసం మొక్కే ఆడవాళ్లు ఆ మూర్తిని కొలిచేవారు. పండితులు లజ్జాగౌరి అంటారు. మన ఊరూరా ఉన్న ఎల్లమ్మ గుడికీ చాళుక్యుల శిల్పానికీ ఉన్న చుట్టరికం ఇక్కడ తెలుస్తుంది. ఈ ఊరి చరిత్ర కోసం జీవితమంతా పాటుపడిన గడియారం రామకృష్ణ శర్మగారి ఆత్మకథ 'శతపత్రము' దొరికితే చదవండి. కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన పుస్తకం.

6. కూడవెల్లిని అడగండి

ఊరిలోనే ఎత్తు మీద సంగమేశ్వరాలయం ఉంది. అందంలో స్వర్గబ్రహ్మకు ఏమాత్రం తీసిపోదు. కానీ అది పుట్టింది ఇక్కడ కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వస్తాయని తెలిసి, రాయికి రాయి అంకె వేసి విప్పి, తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లనూ అట్లాగే తరలించారు, అవి ఇరవైకి పైనే. శిల్పుల చేతులకు, ఇంజనీర్ల ఓపికకు మొక్కాలి.

అయితే అక్కడ నిలబడి ఇంకో సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. 885 అడుగుల నీటిమట్టం కింద గుళ్లతోపాటు వందకు పైగా ఊళ్లు పోయాయి. మన కొల్లాపూర్ ఒడ్డు, అలంపూర్ ఒడ్డు, అవతల కర్నూలు వైపు. రేవులు, చేన్లు, చింతచెట్లు, బొడ్రాయిలు అన్నీ పోయాయి. ముంపు కుటుంబానికో ఉద్యోగం అని 1986లో 98వ నంబరు జీవో ఇచ్చారు. దాని కాగితాలు సంచిలో పెట్టుకొని ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లను నేను ఎరుగుదును. రాళ్లకు అంకెలు వేసి ఒక్కటి కూడా తప్పిపోకుండా తెచ్చిన వాళ్లం, మనుషులను ఆ లెక్కన ఎందుకు తీసుకురాలేకపోయాం? ఈ ప్రశ్న అడగకుండా ఆ గుడి మెట్లు దిగవద్దని నా మాట.

7. పండుగకు పోవడం వేరు, చూడడానికి పోవడం వేరు

మాఘమాసంలో వసంత పంచమికి అమ్మవారి నిజరూప దర్శనం. శివరాత్రి జాగారం బాలబ్రహ్మ దగ్గర. దసరా నవరాత్రులు తొమ్మిది రోజులూ నిండుగా జరుగుతాయి. తుంగభద్ర పుష్కరాలు 2020 నవంబరులో వచ్చాయి, మళ్లీ పన్నెండేళ్లకు. మొక్కు ఉంటే పండుగకు పోండి. శిల్పం కోసమైతే మామూలు రోజున పోండి. ముసలివాళ్లను శివరాత్రి జనంలోకి తీసుకుపోకండి.

8. అక్కడితో ఆగకండి

అలంపూర్ శ్రీశైలానికి పడమటి వాకిలి. ఉత్తర వాకిలి మన అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం, మనకు ఇంకా దగ్గర. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం. తిరుగుదారిలో ఒకరోజు మిగిలితే కొల్లాపూర్ మీదుగా సోమశిల పోండి. అక్కడి సోమేశ్వరుడూ ముంపు నుంచి పైకి వచ్చినవాడే. ఎండాకాలం నీళ్లు తగ్గితే సోమశిల నుంచి పడవెక్కి అవతలి ఒడ్డు సప్తనదీ సంగమేశ్వరానికి పోవచ్చు. ఆ గుడిని ఎవరూ తరలించలేదు. ఏటా నీళ్లలో మునిగి, ఏటా తేలుతుంది. లోపల వేపకొయ్య శివలింగం. పోయేముందు జలాశయం మట్టం ఎంతుందో, పడవ నడుస్తుందో లేదో సోమశిల రేవులో కనుక్కోండి. పడవలో లైఫ్ జాకెట్ లేకపోతే ఎంత తొందరున్నా ఎక్కకండి.