ఒక్క రూపాయితో మొదలయ్యే కోత

హైదరాబాదులో హైటెక్ సిటీ ఉంది. అక్కడ సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఇప్పుడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి నిండా సాఫ్ట్‌వేర్ ఆఫీసులే. ఆ ఆఫీసులు ఊడ్చి తుడిచేవారిలో మన అక్కచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. హాస్టళ్లలో వంట చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల జీతం బ్యాంకులో పడుతుంది. చేతిలో ఫోను ఉంటుంది. ఆ ఫోనులో నుంచే డబ్బు పోతే?

మాదాపూర్‌లో ఆఫీసు తుడిచే ఒక అమ్మ ఉందనుకుందాం. ఫోనులో సీరియళ్లు చూసే యాప్ పెట్టుకుంది. "ఏడు రోజులు 1 రూపాయికే" అని కనిపించింది. నొక్కింది. పిన్ కొట్టింది. నాలుగు రోజులు చూసి యాప్ తీసేసింది. వారం దాటాక ఖాతాలో 199 రూపాయలు పోయాయి. మరుసటి నెల మళ్లీ 199 పోయాయి. కూతుర్ని అడిగింది.

"బిడ్డా, ఆ యాప్ తీసేసిన గదా! పైసలు ఎందుకు కట్ అయితున్నయ్?"

"యాప్ తీసేసినవమ్మా. అనుమతి తీసెయ్యలేదు."

"అనుమతా? నేనెప్పుడిచ్చిన?"

"రూపాయి కట్టేటప్పుడు పిన్ కొట్టినవ్ గదా. అప్పుడే ఇచ్చినవ్. నెల నెలా తీసుకోమని."

దీన్నే ఆటోపే అంటారు. మనం మళ్లీ పిన్ కొట్టకుండానే డబ్బు వెళ్తుంది. యూపీఐలో ఇది 2020లో వచ్చింది. ఇలాంటి కోతకు 15,000 రూపాయల దాకా మొదటిసారి పిన్ కొడితే చాలు.

పాలబ్బాయి సంగతి చూడండి. తలుపు వేసుకుంటే పాలు ఆగవు. గడప ముందు ప్యాకెట్ పెట్టే పోతాడు. నెలాఖరుకు డబ్బు అడుగుతాడు. "రేపటి నుంచి వద్దు" అని చెబితేనే ఆగుతాయి. ఇదీ అంతే. యాప్ తీసేయడం తలుపు వేసుకోవడం లాంటిది.

లెక్క వేయండి. నెలకు 199. ఏడాదికి 199 × 12 = 2,388 రూపాయలు. ఇంట్లోకి ఎన్ని బియ్యం వస్తాయి?

ఎలా ఆపాలి?

1. డబ్బు పంపే యాప్ తెరవండి. పైన మీ ఫొటో లేదా గుర్తు మీద నొక్కండి.
2. "ఆటోపే" అనే మాట వెతకండి. ఇంగ్లీషులో ఉంటే పిల్లల చేత చూపించుకోండి.
3. ఎవరెవరికి అనుమతి ఉందో అక్కడ కనిపిస్తుంది. వద్దనుకున్న దానిని రద్దు చేయండి.
4. ప్లే స్టోర్ ద్వారా కట్టారా? అక్కడ "సబ్‌స్క్రిప్షన్స్" లోకి వెళ్లి రద్దు చేయండి.
5. రద్దయిందన్న మెసేజ్ దాచుకోండి.

మన హక్కులేమిటి?

డబ్బు కోయడానికి 24 గంటల ముందు మనకు కబురు రావాలి. ఇది రిజర్వు బ్యాంకు నియమం. అనుమతి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అందుకే మెసేజ్ వస్తే చదవకుండా తీసేయకండి. ఎంత పోతుంది, ఎప్పుడు పోతుంది, ఎవరికి పోతుంది, ఈ మూడూ చూడండి.

చేరడం సులువుగా పెట్టి, మానడం కష్టం చేయడం తప్పు. ఉచితం అని చెప్పి, ముందే కోతకు అనుమతి ఇమ్మని బలవంతం చేయడమూ తప్పే. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి మోసపు పద్ధతులు వద్దని నిబంధనలు తెచ్చింది.

ఎవరికి చెప్పాలి?

ముందు ఆ కంపెనీకి చెప్పండి. వినకపోతే 1915కి ఫోను చేయండి. అది వినియోగదారుల సహాయ నంబరు. డబ్బు ఖర్చు కాదు. తెలుగులో మాట్లాడవచ్చు.

తప్పు బ్యాంకుదైతే బ్యాంకులో రాసి ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448.

అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా, మీరు ఉండే చోట లేదా పని చేసే చోట ఫిర్యాదు ఇవ్వవచ్చు. 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే మాట్లాడవచ్చు. రెండేళ్ల లోపు ఇవ్వాలి.

ఒక్క జాగ్రత్త. "డబ్బు వాపసు ఇస్తాం, పిన్ చెప్పండి" అని ఎవరైనా ఫోను చేస్తే చెప్పకండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మోసపోతే వెంటనే 1930కి చెప్పండి.

మీరే రాయండి

ఖాళీలు నింపి, ఈ అర్జీని నోటుపుస్తకంలో రాయండి.

"అయ్యా, ........ తేదీన నా ఖాతా నుంచి ........ రూపాయలు పోయాయి. ఈ సేవ నాకు వద్దు. అనుమతి రద్దు చేయండి. ముందుగా నాకు కబురు రాలేదు. నా డబ్బు నాకు ఇప్పించండి. ఇట్లు, ........"

ఇవాళే మీ ఫోనులో ఆటోపే చూడండి. ఎన్ని అనుమతులున్నాయి? రేపు తోటి అక్కలకు చెప్పండి.