లంకెబిందెలు ఎక్కడున్నాయి?

ఒక ఊరు అనుకోండి. ఊరి పక్కన గుట్ట ఉంది. గుట్ట మీద పాడుబడ్డ గుడి ఉంది. ఆ ఊళ్లో ఒక అవ్వ ఉంది. అవ్వకు రెండెకరాల చెలక ఉంది. ఒక్కడే కొడుకు. రెండేళ్లు వరుసగా పత్తి దెబ్బతిన్నది. అప్పు మిగిలింది.

ఒకనాడు పొద్దుగూకినంక కొడుకు ఇంటికి వచ్చాడు. మొహం వెలిగిపోతున్నది.

“అవ్వా, ఇగ మన కష్టాలు తీరుతయే. గుట్ట మీది గుడి కింద లంకెబిందెలున్నయట. స్వామి అంజనం వేసి చూసిండు. రెండు బిందెల నిండ బంగారమేనట.”

“ఏ స్వామిరా?”

“వేరే జిల్లా నుంచి వచ్చిండు. అమాస నాడు పూజ చేస్తడట. పూజకు యాభై వేలు కావాలన్నడు. మన దగ్గర లేవంటే, భూమి మీద తనే అప్పు ఇప్పిస్తనన్నడు. ఇగో, ఈ కాయితం మీద నువ్వు వేలిముద్ర వేస్తే చాలు.”

అవ్వ కాయితం అందుకున్నది. దీపం దగ్గరికి జరిగింది.

“వేలిముద్ర ఎందుకురా? సంతకం చేస్త. ముందుగాల చదవనీ” అన్నది.

అవ్వ రాత్రి బడిలో చదువు నేర్చుకున్నది. ఆ కాయితంలో ఏమున్నదో చివర చెప్పుకుందాం. ముందు లంకెబిందెల సంగతి చూద్దాం.

పెంబర్తిలో ఏం దొరికింది?

లంకెబిందెలు అసలు ఉంటాయా? అప్పుడప్పుడు దొరుకుతాయి. అది నిజమే. మన జనగామ దగ్గరే ఒకటి దొరికింది.

2021 ఏప్రిల్ నెల. జనగామ మండలం పెంబర్తి ఊరు. ఇత్తడి నగిషీ పనికి పేరున్న ఊరు. అక్కడ ఒక భూమిని ప్లాట్ల కోసం చదును చేస్తున్నారు. మిషను తవ్వుతుంటే పాత బిందె ఒకటి బయటపడింది. అందులో బంగారు నగలు, వెండి నగలు ఉన్నాయి.

వార్త ఊరూరా పాకింది. జనం విరగబడి వచ్చారు. కొబ్బరికాయలు కొట్టారు. కిలోల కొద్దీ బంగారం దొరికిందని చెప్పుకున్నారు. తరువాత అధికారులు వచ్చారు. అందరి ముందు తూకం వేశారు. బంగారం రెండు వందల గ్రాముల లోపే ఉంది. వెండి రెండు కిలోల లోపే ఉంది.

చూశారా? పుకారులో కిలోలు ఉంటే తూకంలో గ్రాములు తేలాయి. లంకెబిందెల కథలన్నీ ఇట్లనే పెరుగుతాయి.

భూమిలోకి ఎట్లా వచ్చింది?

పూర్వం బ్యాంకులు లేవు. ఇంటికి గట్టి తలుపులు కూడా అందరికీ ఉండేవి కావు. యుద్ధం వస్తే ఊళ్లు ఖాళీ అయ్యేవి. దొంగల భయం ఉండేది. అందుకే ఉన్న నాలుగు నగలు కుండలో పెట్టి నేలలో దాచేవారు. దాచినవాళ్లు చనిపోతే ఆ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా తెలిసేది కాదు. కుండ అట్లనే ఉండిపోయేది.

అంటే లంకెబిందె ఒక ఇంటివాళ్లు కూడబెట్టుకున్న సొమ్ము. దానికి దయ్యం కాపలా ఉండదు. పాము కాపలా ఉండదు. బలి అడగదు.

ఇంకొందరు కోటలను చూసి ఆశపడతారు. జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలో ఖిలాషాపూర్ ఉంది. అక్కడ సర్వాయి పాపన్న కోట ఉంది. పాపన్న 1708లో వరంగల్ మీద దాడి చేశాడు. 1710లో మొగలులు ఆయనను చంపారు. ఇలాంటి కోట కనబడితే చాలు, సొమ్మంతా కిందనే ఉందని కొందరు అనుకుంటారు.

ఒక్కసారి ఆలోచించండి. కోట కట్టాలంటే ఖర్చు. సైన్యానికి తిండి పెట్టాలంటే ఖర్చు. కోట గెలిచినవాడు మొదట ఏం చేస్తాడు? ఖజానా ఊడ్చుకుపోతాడు. మూడు వందల ఏళ్ల తరువాత మన కోసం ఏం మిగులుతుంది?

రాతిలో బంగారం

మరి బంగారం రాతిలో దొరకదా? దొరుకుతుంది. కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో హట్టి బంగారు గనులు ఉన్నాయి. ఆ ప్రాంతం ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. అక్కడ భూమి లోపలి రాయిని పైకి తెస్తారు. పిండి చేస్తారు. టన్ను రాయికి దొరికే బంగారం కొద్ది గ్రాములే. టన్ను అంటే వెయ్యి కిలోలు. అందుకు పెద్ద మిషన్లు కావాలి. చదువుకున్న నిపుణులు కావాలి. ప్రభుత్వం అనుమతి కావాలి. గడ్డపార పట్టుకొని రాత్రిపూట గుట్ట తవ్వితే బంగారం రాదు.

ఈ ఆశ మన దేశంలోనే కాదు. అమెరికాలో అరిజోనా అనే రాష్ట్రం ఉంది. అక్కడ ఎడారి, ఎర్రటి కొండలు, లోతైన లోయలు. ఒక కొండల వరుసకు పేరే ‘మూఢనమ్మకం కొండలు’. 1891లో చనిపోయిన ఒక ముసలాయనకు ఆ లోయల్లో బంగారు గని ఉండేదని కథ. వంద ఏళ్లు దాటింది. జనం వెతుకుతూనే ఉన్నారు. గని మాత్రం దొరకలేదు. ఎండకు, దాహానికి కొందరు ఆ కొండల్లోనే ప్రాణాలు వదిలారు.

మోసం ఎట్లా జరుగుతుంది?

మోసగాడు మొదట ఊరిని చూస్తాడు. అప్పుల్లో ఉన్నవాళ్లెవరో, ఆశ ఉన్నవాళ్లెవరో తెలుసుకుంటాడు. తరువాత వాళ్లతో మాట కలుపుతాడు.

“మీ ఇంట్లో ధనం ఉంది. నాకు కనబడుతున్నది” అంటాడు. అరచేతిలో అంజనం వేస్తాడు. ఒక మిషను తెచ్చి చూపిస్తాడు. అది కుయ్యిమని కూస్తుంది. ఆ మిషను ఏ లోహానికైనా కూస్తుంది. పాత మేకుకూ కూస్తుంది, నాగలి కర్రుకూ కూస్తుంది.

తరువాత పూజ అంటాడు. సామాన్లకు డబ్బు తీసుకుంటాడు. రాత్రిపూట తానే ఒక కుండ పూడ్చిపెడతాడు. అందులో బంగారు పూత పూసిన ఇత్తడి ముక్కలు ఉంటాయి. మన ముందే తవ్వి తీస్తాడు. “ఇప్పుడే ముట్టుకోవద్దు. నలభై ఒక్క రోజులు పూజలో పెట్టండి. ఎవరికీ చెప్పవద్దు” అంటాడు. ఆ నలభై ఒక్క రోజుల్లో అతడు డబ్బుతో మాయమవుతాడు.

బియ్యాన్ని లాగే చెంబు అని ఒకటి చెప్తారు. దాన్ని రైస్ పుల్లింగ్ అంటారు. దానికి కోట్లు వస్తాయంటారు. అదీ మోసమే.

“ఎవరికీ చెప్పవద్దు” అన్న మాట వినగానే అనుమానించండి. మంచి పనికి అంత దాపరికం ఎందుకు?

డబ్బే కాదు, ప్రాణం కూడా

కొన్నిచోట్ల డబ్బుతోనే ఆగలేదు. 2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్ పోలీసులు ఒక మనిషిని పట్టుకున్నారు. గుప్తనిధులు తీసి ఇస్తానని అతడు జనాన్ని నమ్మించేవాడు. వాళ్ల భూములు, డబ్బు తీసుకునేవాడు. నిధి కోసమని తీసుకుపోయి, తీర్థం పేరుతో విషం ఇచ్చేవాడు. ఇట్లా 11 మందిని చంపాడని పోలీసులు చెప్పారు.

చనిపోయినవాళ్లు తెలివి తక్కువవాళ్లు కాదు. మనలాంటివాళ్లే. కష్టంలో ఉన్నప్పుడు ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆశనే మోసగాడు పట్టుకుంటాడు.

తవ్విన గొయ్యి కూలి చనిపోయే ప్రమాదం కూడా ఉంది. రాత్రిపూట దొంగతనంగా తవ్వేవాళ్లు గోతికి ఆసరా పెట్టరు. మన్ను మీద పడితే కాపాడేవాళ్లు ఉండరు.

గుళ్లకు జరిగే నష్టం

భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్లు ఉన్నాయి. అవి కాకతీయుల కాలం నాటివి. అదే జిల్లా రేగొండ దిక్కు పాండవుల గుట్టలు ఉన్నాయి. అక్కడి బండల మీద వేల ఏళ్ల కిందటి మనుషులు రంగులతో బొమ్మలు వేశారు. ఇలాంటివి పోతే మళ్లీ రావు.

నిధి కోసం వచ్చినవాళ్లు పాత గుళ్లలో ఏం చేస్తారు? గర్భగుడి తవ్వుతారు. లింగాన్ని పెకలిస్తారు. కడుపులో వజ్రాలున్నాయని నందిని పగలగొడతారు. నంది లోపల ఏముంటుంది? రాయే ఉంటుంది.

రామప్ప గుడి మీకు తెలుసు. అది ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. 2021లో దానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. ఈ సంగతి మనకు ఎట్లా తెలిసింది? అక్కడున్న రాతి శాసనం చెప్పింది.

బయ్యారం రాయి

మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం ఉంది. అక్కడ పెద్ద చెరువు ఉంది. సుమారు ఎనిమిది వందల ఏళ్ల కింద దాన్ని ఒక స్త్రీ తవ్వించింది. ఆమె పేరు మైలాంబ. కాకతీయ గణపతిదేవుని తోబుట్టువు. ఆ చెరువుకు ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టారు.

చెరువు తవ్వించిన సంగతి రాతి మీద చెక్కించారు. అందులో కాకతీయుల వంశం కూడా ఉంది. ఎవరి తరువాత ఎవరు పాలించారో ఆ రాయి చెప్తుంది. కాకతీయుల మొదటి తరాల గురించి తెలుసుకోవడానికి పండితులకు ఈ రాయి ఎంతో ఉపయోగపడింది.

దాని కింద బంగారం ఉందని ఎవరైనా ఆ రాయిని పగలగొట్టి ఉంటే? బంగారం దొరికేది కాదు. మైలాంబ పేరూ మనకు మిగిలేది కాదు. అక్షరం విలువ మనకు తెలుసు. అక్షరాలున్న రాయిని మనమే కాపాడుకోవాలి.

ఏదైనా దొరికితే ఏం చెయ్యాలి?

దున్నుతుంటే, బావి తవ్వుతుంటే, పునాది తీస్తుంటే పాత వస్తువులు బయటపడవచ్చు. అప్పుడు ఇట్లా చెయ్యండి.

1. పని ఆపండి. ఇంకా తవ్వవద్దు.

2. వస్తువులను కడగవద్దు, కరిగించవద్దు, పంచుకోవద్దు.

3. సర్పంచికి, తహశీల్దారుకు, పోలీసులకు చెప్పండి. 100కు గాని, 112కు గాని ఫోన్ చెయ్యండి.

4. అధికారులు పంచనామా రాస్తారు. అందులో వస్తువుల లెక్క, తూకం సరిగ్గా ఉన్నాయో లేదో చదవండి. చదివిన తరువాతే సంతకం చెయ్యండి.

నేలలో దొరికిన సొమ్ము గురించి మన దేశంలో 1878లోనే ఒక చట్టం వచ్చింది. దొరికిన సంగతి కలెక్టరుకు రాసి ఇవ్వాలని అందులో ఉంది. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది అన్నది రాయాలి. దొరికినవారి వాటా, భూమి యజమాని వాటా గురించి కూడా అందులో ఉంది. దొరికిన సొమ్మును దాచినవారు వాటా పోగొట్టుకుంటారు. ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు.

కేంద్ర ప్రభుత్వం రక్షణలో ఉన్న పాత కట్టడాలను పాడు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

ఇక అవ్వ చదివిన కాయితం

అవ్వ కాయితం మీద వేలు పెట్టింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

“రెం...డె...క...రాల భూమిని... అమ్మి... సొమ్ము మొత్తం... ముట్టినది.”

అవ్వ ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. అప్పు అన్న మాట ఎక్కడా లేదు.

“కొడుకా, ఇందుల అప్పు లేదురా. అమ్మకం ఉన్నది. నాకు సొమ్ము ముట్టినట్టు రాసి ఉన్నది. నీకు ముట్టిందా?”

కొడుకు మాట్లాడలేదు. కాయితం తీసుకొని తానూ చదివాడు. ఇంతకుముందు చదవలేదు. స్వామి చెప్పింది విన్నాడు, అంతే.

“అవ్వా, నేను సదువుకున్నోన్ని. అయినా సూడకపోతిని” అన్నాడు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

“పోనీ బిడ్డా. భూమి మిగిలింది, నువ్వు మిగిలినవు. నడువు, సర్పంచి దగ్గరికి పోదాం” అన్నది అవ్వ.

తెల్లారి సర్పంచి, ఇంకో నలుగురు కలిసి పోలీసులకు కాయితం చూపించారు. అమాస వచ్చింది. స్వామి రాలేదు. ఫోన్ ఎత్తలేదు.

అప్పు అట్లనే ఉన్నది. భూమి కూడా ఉన్నది. ఆ వానకాలం అవ్వ, కొడుకు పత్తి తగ్గించి కంది, పెసర వేశారు.

గుట్ట మీది గుడి పక్కన ఒక బండ మీద అక్షరాలున్నాయి. చిన్నప్పటి నుంచి అవ్వ ఆ బండ మీద కూర్చునేది. ఇప్పుడు కూర్చోదు. ఆ అక్షరాలు ఆమెకు చదవ రావు. పాత కాలపు రాత. “చదివేటోళ్లు వచ్చేదాక మనం కాపాడాలె” అంటుంది.

ఆలోచించండి, చెప్పండి

1. పెంబర్తి గురించి పుకారు ఏమన్నది? తూకం ఏమన్నది?

2. పూర్వం జనం నగలను నేలలో ఎందుకు దాచేవారు?

3. బయ్యారం చెరువును ఎవరు తవ్వించారు? ఆ సంగతి మనకు ఎట్లా తెలిసింది?

4. అవ్వ వేలిముద్ర వేసి ఉంటే ఏం జరిగేది?

5. మీ ఊళ్లో పాత గుడి గాని, రాతి మీద రాత గాని ఉందా? మీ పిల్లలతో కలిసి చూసి రండి. ఏం చూశారో ఐదు మాటల్లో రాయండి.

కొత్త మాటలు

గుప్తనిధి – దాచిన సొమ్ము
శాసనం – రాతి మీద, రాగిరేకు మీద చెక్కిన రాత
పంచనామా – పెద్దల ముందు చూసి రాసిన కాయితం
వారసత్వం – పెద్దల నుంచి మనకు వచ్చినది