స్కాను పరీక్షయు దేహోష్ణమును

ధవళేశ్వరమునుండి అనేకులు స్కాను పరీక్షలకై రాజమహేంద్రవరమునకు పోవుచుందురు. ఆ పరీక్షలవలన ఒడలు వేడెక్కునా యను ప్రశ్నను ఇచట విచారింతము.

ఎక్స్‌రే, సి.టి. స్కానులందు దేహము గ్రహించు శక్తి అత్యల్పము. డిగ్రీలో వెయ్యవ వంతైనను వేడి పుట్టదు. వాటి అపాయము కిరణములదే గాని ఉష్ణముది కాదు. ఎమ్.ఆర్.ఐ. యందు అట్టి కిరణములు లేవు. బలమైన అయస్కాంతమును, రేడియో తరంగములును గలవు. ఈ తరంగముల శక్తియే దేహమున వేడిగా మారును.

సాధారణ పరీక్షలో కిలోగ్రాము దేహభారమునకు సగటున 2 వాట్లు మించరాదనియు, దేహాంతరోష్ణము 0.5 డిగ్రీ సెంటిగ్రేడుకంటె హెచ్చరాదనియు అంతర్జాతీయ నియమము. లెక్క చూతము. 2 వాట్ల శక్తి 15 నిమిషములు, అనగా 900 సెకండ్లు, ప్రసరించిన 1,800 జౌళ్లగును. కిలోగ్రాము దేహమును ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 3,500 జౌళ్లు కావలెను. కావున వేడి బయటికి పోకున్నచో దాదాపు అర డిగ్రీ పెరుగును.

అయితే అది పోవుచునే యుండును. 1852లో పూర్తియైన కాటన్ దొర ఆనకట్టనుండి కాలువలు నీటిని పొలములకు చేర్చినట్లు, రక్తము వేడిని చర్మమునకు చేర్చును. చెమట దానిని హరించును. రక్తము పారని కంటి కటకమునందును, జ్వరపీడితులందును ఈ యేర్పాటు కొరవడును. కావున జ్వరమున్నయెడల ముందే తెలుపవలెను.

ఒడలంతయు వేడెక్కుటకంటె ఒకచోట చర్మము కాలుటయే హెచ్చుగా కలుగు గాయము. లోహపు పోగులున్న వస్త్రము, తాయెత్తు, గొలుసు ఇందుకు కారణములు. ఒక చేయి మరియొక చేతిని, ఒక తొడ మరియొక తొడను తాకినను విద్యుత్తు తిరుగు వలయ మేర్పడి కాలవచ్చును. అందుచే నడుమ మెత్తలుంచుదురు. మంగళసూత్రము తీయుటకు మన తల్లులు సంకోచింతురు. బంగారము అయస్కాంతమునకు అంటదు గదా యందురు. అంటకున్నను అది విద్యుత్తును ప్రవహింపజేయును గనుక తీయవలసినదే.

బాధను నోరు మెదపక ఓర్చుట మన యిండ్లలో సుగుణమని యెంచుదురు. ఈ యంత్రమునందు అది అపాయము. రోగిచేతికి ఒక రబ్బరు బుడ్డి నిత్తురు. ఎచటనైన చురుక్కుమన్న తక్షణమే దానిని నొక్కవలెను.

బాలబాలికలారా! పరీక్షకు ముందు ఆసుపత్రివారు ప్రశ్నల కాగిత మొకటి యిత్తురు. గుండెలో యంత్రము అమర్చిరా? ఎముకలో లోహపు కడ్డీ యున్నదా? కంటిలో ఇనుపరజను పడినదా? గర్భవతియా? చదువురాని మామ్మగారికో తాతగారికో తోడుగా మీరు పోయినప్పుడు, ఆ కాగితమును తొందరపడి నింపక, ఒక్కొక్క ప్రశ్నను బిగ్గరగా చదివి, వారి జవాబు విని వ్రాయుడు. మీరు నేర్చిన చదువు ఆనాడు వారి ప్రాణమునకు కాపు కాగలదు.